ఓట్లలో ముందు, సీట్లలో వెనక: ఒడిశా 2024 లెక్క ఎవరైనా విప్పి చెప్తారా?

బహుదా_తీరం · ఇచ్ఛాపురం
అందరికీ నమస్తే. మాకు ఒడిశా బరంపురం పక్కనే, చుట్టాల్లో సగం మంది అటువైపే. 2024 మే 13న ఇక్కడ మేమూ, అక్కడ వాళ్ళూ ఒకే రోజు ఓటేశాం. జూన్ 4న ఇటు ఫలితం తేలిపోయింది, ఎవరికీ అనుమానం లేదు. అటువైపు లెక్కే నాకిప్పటికీ మింగుడు పడలేదు.

బీజేడీకి (బిజూ జనతాదళ్, నవీన్ పట్నాయక్ పార్టీ) 40.22 శాతం, బీజేపీకి 40.07 శాతం. అంటే శంఖం గుర్తుకే కాస్త ఎక్కువ ఓట్లు. తేడా నలభై వేల లోపే అనుకోండి, అయినా ఎక్కువ ఎక్కువే కదా. సీట్లు చూస్తే 147లో బీజేపీకి 78, బీజేడీకి 51. 2000 మార్చి నుంచి 24 ఏళ్ళు ఏలిన నవీన్ పట్నాయక్ దిగిపోయారు, మోహన్ చరణ్ మాఝీ ముఖ్యమంత్రి అయ్యారు. నవీన్ గారు కంటాబంజిలో ఓడి, హింజిలిలో గట్టెక్కారు.

పొత్తుల గోల కూడా లేదు. మాటలు కుదరక రెండూ ఒంటరిగానే దిగాయి. మరి ఇదెలా జరిగింది? మా బావగారు "ఈవీఎం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ జవాబు కాకుండా ఇంకేదైనా ఉంటే చెప్పండి.

లెక్కల_మాస్టారు · తెనాలి
బాబూ, ఈవీఎం దాకా వెళ్ళక్కర్లేదు, భాగహారం చాలు. ఒక్కో సీటుకి ఎన్ని ఓట్లు ఖర్చయ్యాయో చూడు. రెండు పార్టీలకూ కోటికి కాస్త పైనే వచ్చాయి. బీజేపీకి ఒక సీటు సుమారు 1 లక్షా 30 వేల ఓట్లకు పడింది. బీజేడీకి 2 లక్షలకు కొంచెం తక్కువ. 13 శాతం తెచ్చుకుని 14 సీట్లు గెలిచిన కాంగ్రెస్‌కైతే 2 లక్షల 30 వేల పైమాటే.

ఎలాగంటే, మూడు నియోజకవర్గాలు తీసుకో, ఒక్కో చోట వెయ్యి ఓట్లు. ఒక పార్టీ మొదటి చోట 520, రెండో చోట 520, మూడో చోట 200 తెచ్చుకుంది. అవతలి పార్టీకి 480, 480, 800. మొత్తం కూడితే 1240కి 1760. సీట్లు మాత్రం 2–1, తక్కువ ఓట్లవాడిదే గెలుపు. మూడో చోట 800 తెచ్చుకున్నవాడికి 201తోనే పని అయిపోయేది, మిగతా 599 ఊరికే పోయాయి. మొదటి రెండు చోట్ల వచ్చిన 960 కూడా పోయినట్టే.

ఓటు వృథా అయ్యే దారులు ఈ రెండే. అక్కర్లేనంత మెజారిటీతో గెలవడం ఒకటి, ఓడిపోవడం ఒకటి. 24 ఏళ్ళు అధికారంలో ఉన్న పార్టీకి ప్రతి ఊళ్ళోనూ అంతో ఇంతో ఓటు ఉంటుంది. ఆ ఓటు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంటే చాలా చోట్ల రెండో స్థానం వస్తుంది. రెండో స్థానానికి అసెంబ్లీలో కుర్చీ లేదు.

పల్నాడు_పవర్
మాకూ 2014లో ఇదే కథ కద మాస్టారూ. ఓట్లు మావి, కుర్చీ వాళ్ళది.

లెక్కల_మాస్టారు · తెనాలి
కాదు నాయనా. 2014లో 13 జిల్లాల ఆంధ్రాలో టీడీపీకి 44.9 శాతం, వైఎస్సార్సీపీకి 44.6 శాతం. టీడీపీ కొన్ని సీట్లు బీజేపీకి వదిలేసి మరీ ఆ ఓట్లు తెచ్చుకుంది. వాళ్ళ రెండు శాతం కూడా కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. ఓట్లలోనూ, సీట్లలోనూ గెలిచింది ఒకరే. తేడా కొంచెం కావడం వేరు, తిరగబడటం వేరు.

మన దగ్గర జరిగేది ఇంకో రకం. గెలిచేది ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే, కానీ సీట్లు పొంగిపోతాయి. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లకు 23 సీట్లు. 2024లో వైఎస్సార్సీపీకి ఇంచుమించు అదే 39 శాతానికి 11 సీట్లు. పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీకి 175 కుర్చీల సభలో ప్రతిపక్ష హోదా మీద కూడా పేచీ. నాకు ఒడిశా కంటే ఇదే ఎక్కువ బాధగా ఉంటుంది, మీరేమన్నా అనుకోండి.

పల్నాడు_పవర్
2024 సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా, ఆ ఎన్నికల్లో అసలు...

మోడరేటర్
పల్నాడు గారూ, ఆ విషయానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ 40 పేజీలు నడుస్తోంది. ఇక్కడ ఓట్లకూ సీట్లకూ పొంతన గురించే. మిగతా భాగం తీసేశాను.

కోలారు_సీను · బెంగళూరు
ఒడిశా వాళ్ళకి కొత్తేమో గానీ మా కర్ణాటకలో ఇది మామూలే. 2004, 2008, 2018, మూడుసార్లూ కాంగ్రెస్‌కే ఎక్కువ ఓట్లు, బీజేపీకే ఎక్కువ సీట్లు. 2004లో తేడా ఏడు శాతం! కాంగ్రెస్ 35, బీజేపీ 28. సీట్లు 65, 79. కాబట్టి "నెక్ టు నెక్ అయితేనే ఇలా జరుగుతుంది" అన్న మాట నమ్మకండి. (2004లో బీజేపీ అన్ని చోట్లా పోటీ చేయలేదు, పక్కన జేడీయూ ఉంది. ఆ మేరకు తీసేసుకోండి.) 2008లో 34.8కి 33.9. సీట్లు 80కి 110.

కారణం చెప్తా, నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి. పాత మైసూరు వైపు, అంటే మండ్య, హాసన, రామనగర ఈ పట్టు అంతా చాలాకాలం కాంగ్రెస్ వర్సెస్ జేడీఎస్ (జనతాదళ్ సెక్యులర్). బీజేపీ అక్కడ పేరుకి నిలబడేది, చాలా చోట్ల డిపాజిట్ కూడా దక్కేది కాదు. అంటే అక్కడ వాళ్ళు వృథా చేసుకున్న ఓట్లు తక్కువ. వాళ్ళ బలమంతా కోస్తాలో, ముంబై కర్ణాటకలో, బెంగళూరు సిటీలో. ఎక్కడ ఓటు ఉందో అక్కడ సీటుగా మారింది. కాంగ్రెస్‌కి మాత్రం బీదర్ నుంచి చామరాజనగర్ దాకా ప్రతి చోటా 30–35 శాతం ఉంటుంది. కోస్తాలో బీజేపీ చేతిలో ఓటమి, మండ్యలో జేడీఎస్ చేతిలో ఓటమి. రెండు చోట్లా రెండో స్థానం.

2018లో 38 శాతంతో కాంగ్రెస్ 78కి పడిపోయింది (తర్వాత వాయిదా పడిన సీట్లు కలిపి 80). 36 శాతంతో బీజేపీ 104. యడియూరప్ప మే 17న ప్రమాణం చేసి 19న దిగిపోయారు. 18 శాతం, 37 సీట్ల జేడీఎస్ నేత కుమారస్వామి ముఖ్యమంత్రి అయ్యారు. ఓట్లలో మొదటివాళ్ళు కాదు, సీట్లలో మొదటివాళ్ళు కాదు, మూడో ఆయన. దీనికి మాస్టారి దగ్గర భాగహారం ఉందా?

లెక్కల_మాస్టారు · తెనాలి
అది భాగహారం కాదు సీనూ, కూడిక. కాంగ్రెస్ 80, జేడీఎస్ 37.

చార్మినార్_చాయ్ · హైదరాబాద్
మా గ్రేటర్ ముచ్చట ఎవ్వరు చెప్తలేరేంది? 2020 జీహెచ్ఎంసీ ఎలక్షన్లు యాదికున్నయా. టీఆర్ఎస్‌కి, బీజేపీకి చెరో 35 శాతం పైచిలుకు, పావు శాతం తేడా. సీట్లు 56, 48. గది వదిలెయ్యిన్రి. అసలు మజా మజ్లిస్‌ది. 150 డివిజన్లల్ల 51 చోట్లనే నిలబడిన్రు, 44 గెలిచిన్రు. మొత్తం ఓట్లల్ల వాళ్ళది 19 శాతం కూడ లేదు. సగం ఓట్లతోని బీజేపీకి దగ్గర దగ్గర అన్ని సీట్లు!

పాతబస్తీ దాటి పోకుంట, ఉన్నకాడ గట్టిగ ఉన్నరు. కర్ణాటక అన్న చెప్పిందానికి ఇంతకంటె మంచి మిసాల్ దొరకదు.

ఇగ నాదొక మాట. ఐదు వన్డేల సిరీస్‌ల రెండు మ్యాచులు 150 పరుగులతోని గెలిచి, మూడు మ్యాచులు రెండ్రెండు పరుగులతోని ఓడితే కప్పు ఎవనికిస్తరు? మొత్తం పరుగులు కూడి ఇయ్యరు కద. రూలు ముందుగాల్నే తెలుసు అందరికి. తెలిసి ఆడి, ఓడినంక ఏడుసుడేంది?

ఈస్ట్‌కోస్ట్_తెలుగు · పెన్సిల్వేనియా
చాయ్ అన్న మాటకి అమెరికాలో సరిగ్గా సరిపోయే కేసు ఉంది. 2016లో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లు మాత్రం 304–227తో ట్రంప్‌వి. విస్కాన్సిన్‌లో 22 వేలు, మిషిగన్‌లో 10 వేలు, మా పెన్సిల్వేనియాలో 44 వేలు, మూడు రాష్ట్రాల్లో కలిపి 80 వేల లోపు తేడా, అంతే. అటు కాలిఫోర్నియా ఒక్క దాంట్లోనే హిల్లరీ మెజారిటీ 40 లక్షలు దాటింది. మాస్టారు చెప్పిన మూడో నియోజకవర్గం అదే.

2000లో ఇంకా ఘోరం. అల్ గోర్‌కి దేశం మొత్తం మీద 5 లక్షల 40 వేల పైన ఆధిక్యం, ఫ్లోరిడాలో 537 ఓట్లతో బుష్ గెలుపు. రీకౌంటింగ్ జరుగుతుంటే డిసెంబర్ 12న సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో ఆగిపోయింది. బుష్‌కి 271. కావల్సింది 270. అంతకుముందు 1824, 1876, 1888ల్లోనూ ఓట్లలో వెనకబడ్డవాళ్ళే అధ్యక్షులయ్యారు.

ఇక్కడ ఇంకో మెలిక. 538 మంది ఎలక్టర్లు అంటే 435 హౌస్ (ప్రతినిధుల సభ) సీట్లు, 100 సెనేట్ సీట్లు, వాషింగ్టన్ డీసీకి 3. ఎంత చిన్న రాష్ట్రమైనా ఇద్దరు సెనేటర్లు కాబట్టి కనీసం 3 ఎలక్టర్లు ఖాయం. ఆరు లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కి 3, నాలుగు కోట్లకు దగ్గరగా ఉన్న కాలిఫోర్నియాకి 54. తలకి లెక్కేస్తే వయోమింగ్ ఓటు బరువు దాదాపు నాలుగు రెట్లు.

కానీ అసలు తేడా చేసేది అది కాదని నా అభిప్రాయం. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా చోట్ల ఒక్క ఓటుతో గెలిచినా రాష్ట్రంలోని ఎలక్టర్లంతా గెలిచినవాడికే. అందుకే ఎలక్షన్ వస్తే నా మెయిల్‌బాక్సు మూత పడదు. రంగురంగుల అట్టలు, ఒకే రోజు ఒకే అభ్యర్థిని తిడుతూ మూడు, పొగుడుతూ రెండు. మన తెలుగు వాలంటీర్లు ఫోన్ చేసి "అన్నా, ఏ ఊరు మీది" దగ్గర మొదలెట్టి ఓటు దాకా వస్తారు. బే ఏరియాలో ఉన్న మా తమ్ముడికి ఒక్క కాల్ రాదు. వాడి ఓటు ఎటు పోతుందో అందరికీ తెలుసు, వాడు వేసినా వేయకపోయినా కాలిఫోర్నియా మారదు.

కాబట్టి 28 లక్షల ఆధిక్యం అనేది, ఎవరూ ఆడని ఆటలో స్కోరు. మొత్తం ఓట్లే లెక్క అని ముందే చెప్పి ఉంటే ట్రంప్ కూడా కాలిఫోర్నియాలో సభలు పెట్టేవాడు, టెక్సాస్‌లో ఓట్లు పిండేవాడు. అప్పుడు ఎవరు గెలిచేవారో ఎవడికి తెలుసు?

బహుదా_తీరం · ఇచ్ఛాపురం
ఈస్ట్‌కోస్ట్ అన్నా, ఇది ఒకే పార్టీకి కలిసొచ్చే ఏర్పాటా?

ఈస్ట్‌కోస్ట్_తెలుగు · పెన్సిల్వేనియా
ఈ మధ్య రెండుసార్లూ రిపబ్లికన్లకే కలిసొచ్చింది. కానీ 2004లో బుష్‌కి 30 లక్షల ఆధిక్యం ఉండగా ఒహాయోలో 60 వేల మంది అటు నుంచి ఇటు మారి ఉంటే డెమోక్రాట్ కెరీ అధ్యక్షుడయ్యేవాడు. 2020లో బైడెన్ 70 లక్షల మెజారిటీతో గెలిచాడంటారు, అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ మూడింట్లో తేడా మొత్తం 43 వేలు. 2024లో ట్రంప్ ఓట్లలోనూ ముందే, ఎలక్టర్లలోనూ 312. ఆ ఏడాది ఈ చర్చే లేదు.

మార్చాలని చూశారు కూడా. 1969లో రాజ్యాంగ సవరణ హౌస్‌లో 339–70తో నెగ్గింది, సెనేట్‌లో మరుసటేడు సాగదీసి చంపేశారు. ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు "దేశంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికే మా ఎలక్టర్లు" అని ఒప్పందం చేసుకుంటున్నాయి. చేరిన రాష్ట్రాల బలం 270 దాటితేనే అమలు. ఇంకా దాటలేదు.

కివీ_వదిన · ఆక్లాండ్
చాయ్ తమ్ముడి క్రికెట్ లెక్క విన్నాను. క్రికెట్‌లో పరుగుకి పన్ను ఉండదు, రేషన్ కార్డు ఉండదు. ఇక్కడ ఒక్కో పరుగూ ఒక మనిషి కదమ్మా. "రూలు ముందే తెలుసు" అంటే రూలు మంచిదని కాదు, ఆ రూలు పెట్టిందీ మనుషులే.

నేను ఉంటున్న దేశంలో రూలే మార్చేశారు. న్యూజిలాండ్‌లో 1978లో లేబర్‌కి 40.4 శాతం, నేషనల్‌కి 39.8. సీట్లు 40, 51. సరే, ఒకసారి జరిగింది అనుకున్నారు. 1981లో మళ్ళీ అదే: లేబర్ 39.0, నేషనల్ 38.8, సీట్లు 43, 47. రెండుసార్లూ నేషనల్ నేత రాబర్ట్ మల్డూన్‌దే ప్రభుత్వం. దానికి తోడు సోషల్ క్రెడిట్ అనే చిన్న పార్టీ 1981లో 20 శాతం పైన ఓట్లు తెచ్చుకుంటే 92 సీట్లలో దక్కినవి రెండు!

తర్వాత లేబర్ వచ్చి 1985లో రాయల్ కమిషన్ వేసింది, 1986లో నివేదిక వచ్చింది. పాత పద్ధతిలోనే గెలిచినవాళ్ళు దాన్ని మార్చడానికి తొందరపడరు కదా, కొన్నేళ్ళు నాన్చారు. జనం ఊరుకోలేదు. 1992లో ఒక రిఫరెండం, 1993లో ఇంకోటి, 54 శాతం మార్పుకే ఓటేశారు. 1996 నుంచి ఎంఎంపీ, అంటే మిశ్రమ దామాషా పద్ధతి. మా ఇంట్లో వాళ్ళం ఒక్కొక్కరం రెండు టిక్కులు పెడతాం, మా ఏరియా ఎంపీకి ఒకటి, పార్టీకి ఒకటి. సభలో ఎవరి బలమెంత అనేది పార్టీ ఓటుతో తేలుతుంది. 5 శాతం దాటాలి, లేదా ఒక నియోజకవర్గమైనా గెలవాలి.

కోలారు_సీను · బెంగళూరు
వదినా, అయితే అక్కడ ఎక్కువ ఓట్లవాళ్ళే ఎప్పుడూ ప్రధాని అవుతున్నారా?

కివీ_వదిన · ఆక్లాండ్
లేదు మరిదీ 😄 2017లో నేషనల్‌కి 44.4 శాతం, 56 సీట్లు, అందరికంటే పెద్ద పార్టీ. లేబర్‌కి 36.9. ఏడు శాతం ఉన్న న్యూజిలాండ్ ఫస్ట్ పార్టీ లేబర్ వైపు మొగ్గింది, గ్రీన్స్ బయటి నుంచి మద్దతిచ్చారు, జసిండా ఆర్డెర్న్ ప్రధాని అయ్యారు. కానీ ఆ మూడు పార్టీల ఓట్లూ కూడితే సగం దాటాయి. మీ కుమారస్వామి లెక్కలాంటిదే. 1981తో పోల్చకండి, అప్పుడు 38.8 శాతం వాళ్ళు ఇంకెవరి అవసరమూ లేకుండా ఏలారు.

లెక్కల_మాస్టారు · తెనాలి
వదినగారు మంచి తేడా పట్టారు. ఈ పద్ధతి మనకి అంటగట్టిన బ్రిటన్‌లోనే 1951లో లేబర్‌కి ఎక్కువ ఓట్లొస్తే చర్చిల్ ప్రధాని అయ్యాడు. 1974 ఫిబ్రవరిలో తిరగేసి, కన్సర్వేటివ్‌లకు ఎక్కువ ఓట్లు, లేబర్‌కి ఎక్కువ సీట్లు. కెనడాలో 2019, 2021 రెండింటిలోనూ ట్రూడో పార్టీ ఓట్లలో రెండోదే. బ్రిటన్‌లా చెరోసారి తగిలినచోట ఎవరూ పెద్దగా అల్లరి చేయరు. వరసగా ఒకే పక్షానికి దెబ్బ తగిలిన న్యూజిలాండ్‌లో మార్పు వచ్చింది.

మన దగ్గర మధ్యప్రదేశ్ 2018 కూడా రాసుకోండి. బీజేపీ 41.02, కాంగ్రెస్ 40.89. సీట్లు 109, 114. కమల్‌నాథ్ ప్రభుత్వం వచ్చింది, 2020 మార్చిలో ఎమ్మెల్యేలు దూకేసి కూలిపోయింది. అంటే మన దేశంలో ఈ తిరగబడటం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పార్టీని కొట్టింది. అందుకే ఏ పార్టీకీ దీన్ని మార్చాలన్న కసి లేదు.

ప్రతిపాదనలు లేకపోలేదు. జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారి అధ్యక్షతన లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదికలో లోక్‌సభకి ఇంకో 25 శాతం సీట్లు చేర్చి, వాటిని పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి జాబితాలతో నింపమన్నారు. మన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గారు ఎన్నేళ్ళుగా దామాషా పద్ధతి అని చెప్తున్నారో మీ అందరికీ తెలుసు. విన్నదెవరు?

చార్మినార్_చాయ్ · హైదరాబాద్
జాబితా అంటెనే భయమైతది మాస్టారు. ఇప్పుడు కనీసం గల్లీలకొచ్చి దండం పెడ్తున్నరు. లిస్టుల పేరుంటె సాలు అంటె పార్టీ ఆఫీసు సుట్టూనే తిరుగుతరు. పైసలున్నోడు పైన, లేనోడు కింద. మల్కాజిగిరిల మా అక్కోళ్ళున్నరు, 37 లక్షల పైన ఓటర్లకు ఒక్క ఎంపీ. లక్షద్వీప్‌ల 58 వేల లోపు ఓటర్లకు ఒక్క ఎంపీ. ముందు గిది సక్కజేసి, తర్వాత దామాషా మాట్లాడున్రి.

ఈస్ట్‌కోస్ట్_తెలుగు · పెన్సిల్వేనియా
చాయ్ అన్నా, అది సక్కజేస్తే మనకే దెబ్బ తగలొచ్చు. రాష్ట్రాల వాటా 1971 జనాభా మీద ఆగి ఉంది. తలకో ఓటు బరువు సమానం చేయండి అని అడిగితే యూపీ, బీహార్‌లకు పెరిగి మన రెండు రాష్ట్రాల వాటా తగ్గుతుంది. కాలిఫోర్నియావాడు వయోమింగ్ మీద పడి ఏడుస్తున్నట్టే రేపు లక్నోవాడు మనమీద పడి ఏడవచ్చు.

చార్మినార్_చాయ్ · హైదరాబాద్
నేను చెప్పింది తెలంగాణ లోపటి ముచ్చట అన్నా. రాష్ట్రం వాటా ముట్టకుంట, ఉన్న 17ల సీట్లు సమానంగ పంచొచ్చు కద. మల్కాజిగిరిని గీసి నాగర్‌కర్నూల్ లెక్క జేస్తె యూపీకి ఏం నష్టం?

ఈస్ట్‌కోస్ట్_తెలుగు · పెన్సిల్వేనియా
అలా అయితే పేచీ లేదు.

బహుదా_తీరం · ఇచ్ఛాపురం
అందరికీ థాంక్స్. బావగారికి 1 లక్షా 30 వేలు, 2 లక్షలు లెక్క చెప్పాను. "అదే రోజు లోక్‌సభకి మరి?" అన్నారు. చూస్తే అది ఇంకా విడ్డూరం. అదే బూతు, అదే వేలికి సిరా, రెండు మెషీన్లు. లోక్‌సభలో బీజేడీకి 37 శాతం పైన వచ్చి 21లో ఒక్క సీటూ రాలేదు. బీజేపీకి 45 శాతం, 20 సీట్లు. మిగిలిన కోరాపుట్ కాంగ్రెస్‌ది. అంటే కొందరు ఒక మెషీన్లో శంఖం నొక్కి, పక్క మెషీన్లో కమలం నొక్కారు. ఈవీఎం అన్నవాళ్ళు దీనికేమంటారో.

మాస్టారూ, వదినగారూ, ఇంకో డౌటు. మన 2009లో ప్రజారాజ్యానికి న్యూజిలాండ్ పద్ధతి ఉంటే?

లెక్కల_మాస్టారు · తెనాలి
అది నేనూ ఒకప్పుడు వేసి చూశాను. 16 శాతం పైన ఓట్లు, వచ్చినవి 18 సీట్లు. 294లో దామాషాగా పంచితే 47, 48. కాంగ్రెస్‌కి 36 శాతం పైన ఓట్లకు 156 వచ్చాయి, దామాషాలో 107 దగ్గర ఆగేది. టీడీపీ 28 శాతానికి 92 నుంచి 82కి దిగేది. చిన్నాచితకా పార్టీలు 5 శాతం గీత దాటక, ఒక్క సీటూ గెలవకపోతే వాళ్ళవి మళ్ళీ వీళ్ళకే పంచాలి కాబట్టి అందరికీ ఇంకొన్ని కలిసేవి.

కివీ_వదిన · ఆక్లాండ్
ఎన్ని కలిసినా 148 ఎవరికీ దాటదు మాస్టారూ. అంటే చిరంజీవి గారు ఎటు మొగ్గితే వాళ్ళదే ప్రభుత్వం. ఇక్కడ 2017లో న్యూజిలాండ్ ఫస్ట్ నేత విన్‌స్టన్ పీటర్స్ చేసింది అదే.

పల్నాడు_పవర్
అప్పుడు 2011లో విలీనం ఎందుకు చేస్తారు? 2009లోనే ఏ హోం శాఖో, ఉప ముఖ్యమంత్రి పదవో రాయించుకునేవారు.

కోలారు_సీను · బెంగళూరు
ఉప ముఖ్యమంత్రి ఏంటి బ్రదర్. మా దగ్గర 37 సీట్లాయనే ముఖ్యమంత్రి అయ్యాడు.